గిన్నె లేకుండా వచ్చిన పాలు

అనగనగా ఒక లంక. లంక అంటే రావణుడి లంక కాదు పిల్లలూ. గోదావరి రెండు పాయలుగా చీలి, నడుమ ఇంత ఇసుకా ఇంత ఒండ్రుమట్టీ వదిలిపెట్టిన చోటు. ఆ లంక మీద ఒక ఊరు. ఊరి మధ్య తాటాకు కప్పిన ప్రార్థన మందిరం. దాని చుట్టూ యేసు ప్రభువును నమ్ముకున్న ఇళ్లు కొన్ని. ఎప్పటి సంగతి అని మాత్రం నన్నడగకండి. అప్పటికి ఆ ఊరికి వంతెన లేదు, పడవే దిక్కు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఎవరింటి నుంచైనా గిన్నెలో కూరో పిండివంటో వస్తే, ఆ గిన్నెను వట్టిగా తిప్పి పంపకూడదు. ఏమీ లేకపోతే రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపాలి. చక్కని ఆచారం. మన అమ్మమ్మలందరూ పాటించినదే.

కానీ బియ్యానికి పురుగు పట్టినట్టు మంచి ఆచారానికి గర్వం పడుతుంది. రాను రాను ఆ ఊళ్లో, వచ్చినదాని కన్నా వెళ్లేది కాస్త ఎక్కువ ఉండాలన్నారు. క్రిస్మస్ వచ్చిందంటే గిన్నెలే గిన్నెలు. అరిసెలు వెళ్లేవి, కజ్జికాయలు వచ్చేవి. తెచ్చినవాళ్ల ముఖం ఎవరూ చూసేవాళ్లు కాదు, గిన్నెలోకి తొంగి చూసేవాళ్లు. లేనివాళ్లు పండుగ పూట తలుపులు బిగించుకుని, ఊళ్లో లేనట్టు లోపల కూర్చునేవాళ్లు. పండుగంటే భయపడే మనుషులు ఉంటారా అంటే, ఆ ఊళ్లో ఉండేవాళ్లు.

దేవుడి దగ్గరా అదే లెక్క. పండుగ ఆరాధనకు ప్రతి ఇంటివాళ్లూ ఒక గిన్నె బియ్యం తెచ్చి, మందిరంలో బల్ల ముందున్న గంపలో పోసేవాళ్లు. "ఏడాదంతా ఆయన పెట్టాడు. ఆయన గిన్నె మనం వట్టిగా పంపుతామా?" అనుకుంటూ, తల ఎత్తుకుని పోయి కూర్చునేవాళ్లు. దేవుడితో చెల్లుకు చెల్లు అన్నమాట.

ఆ ఊళ్లో రూతమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. తుంగ కోసుకొచ్చి చాపలు అల్లి బతికేది. ఆమె పెనిమిటి పోయిన ఏడాదే పెద్ద వరద వచ్చింది. ఎవరో దయతలచి గిన్నెడు గంజి పంపారు. ఇంట్లో ఉప్పురాయి కూడా లేని రోజులవి. రూతమ్మ ఆ గిన్నెను శుభ్రంగా కడిగి వట్టిగా పంపింది. మర్నాడు రేవులో బట్టలు ఉతుకుతూ ఎవరో అన్నారు, "రూతమ్మ ఇంటికెళ్లిన గిన్నె వట్టిగా వచ్చిందంట" అని. పెద్ద మాటేం కాదు. అన్నవాళ్లు నీళ్లు పిండేసినంత సులువుగా మరిచిపోయారు. పడ్డమనిషి మరిచిపోలేదు. "ఇక ఎవరి గిన్నే నా గడప నుంచి వట్టిగా వెళ్లదు" అని రూతమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు మీదే ముసలితనం దాకా వచ్చింది.

ఇలా ఉండగా ఒక ఏడు, పండుగ నెలలో ఆమె కూతురు శాంతమ్మ పుట్టింట్లో మగపిల్లాణ్ణి కన్నది. అల్లుడు వెదురు తెప్పలు దింపుకు రావడానికి గోదావరి ఎగువకు వెళ్లి, ఇంకా తిరిగి రాలేదు. కాన్పయిన కొన్నాళ్లకే శాంతమ్మకు జ్వరం తగిలింది. పాలు ఎండిపోయాయి. పిల్లవాడు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడింది. రూతమ్మ తేనెలో వేలు ముంచి నాకించింది. తేనెతో పసివాడు ఎన్నాళ్లు బతుకుతాడు?

సంగతి ఊరికి తెలిసింది. మొదట ధాన్యం వర్తకుడు జక్కరయ్య గారింటి నుంచి కంచు గిన్నెలో ఆవుపాలు వచ్చాయి. ఆయన భార్య సుందరమ్మ గారు పనిమనిషి చేత పంపారు. రూతమ్మ కళ్లు మెరిశాయి. పాలు వంచుకుని, వెచ్చజేసి, ఉగ్గుగిన్నెతో పిల్లాడి గొంతులో పోసింది. వాడు ఆ పూట నిద్రపోయాడు.

ఇక గిన్నె పంపాలి. రూతమ్మ ఇల్లంతా చూసింది. బాలింతకని అడుగు కుండలో దాచిన పాతబియ్యం తప్ప ఏమీ లేవు. కూతురు ఆ బియ్యం తింటేనే ఒంట్లో సత్తువ వచ్చేది, పాలు తిరిగి పడేవి. అది ఆమెకు తెలియక కాదు. తెలిసే, ఆ బియ్యమంతా కంచు గిన్నెలో గోపురంగా పోసి పంపింది.

"అమ్మా, నాకేం మిగిల్చావే?" అని శాంతమ్మ చాప మీద నుంచి నీరసంగా అడిగింది.

"పరువు మిగిల్చాను" అంది రూతమ్మ.

అక్కడ సుందరమ్మ గారు బియ్యం చూసి, "పాతవే, మంచివి" అని తమ కుండలో పోయించారు. ఎక్కడివని అడగలేదు. పాపం ఆమె చెడ్డ మనిషి కాదు, అది ఆ ఊరి అలవాటు.

రెండోసారి, మందిరంలో వాక్యం చెప్పే అయ్యగారి ఇంటి నుంచి అమ్మగారు ఇత్తడి గిన్నెలో గేదెపాలు పంపారు. నీళ్లు కలిపి మరిగించి పట్టగా, పిల్లాడు మళ్లీ కాస్త తేరుకున్నాడు. గిన్నె పంపాలి. ఈసారి గింజ కూడా లేదు. రూతమ్మ పిల్లాడి వంక చూసింది. వాడి కింద కొత్త చాప ఉంది. మనవడు పుడతాడని, కడుపుతో ఉన్న కూతురి పక్కన కూర్చుని, మెత్తటి తుంగ ఏరి ఏరి అల్లిన చాప అది. వాణ్ణి ఎత్తి పాత చీర మడత మీద పడుకోబెట్టి, చాపను చుట్టి గిన్నెతో పాటు పంపేసింది. అసలే చలికాలం. మట్టినేల చలి ఆ చీర మడతలోంచి వాడి వీపుకు తగిలింది.

చూశారా పిల్లలూ, ఎవరికి ప్రాణం పోయాలని పాలు వచ్చాయో, వాడి తిండీ వాడి పక్కా లాగి బదులు తీరుస్తోంది. ప్రేమ లేక కాదు. పొట్లం కట్టి ఇవ్వగలిగితే తన ప్రాణం ఇచ్చేసేదే. పట్టుదల మనిషి కళ్లు అలా కప్పేస్తుంది.

మూడోసారి పక్కింటి దీనమ్మ వచ్చింది. దీనమ్మ పడవ నడిపే లాజరు పెళ్లాం. ఆమె చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. చేతిలో మట్టి ముంత, అందులో మేకపాలు. పండుగ రేపనగా, పొద్దు గుంకకముందు వచ్చింది.

రూతమ్మ గడపలోనే నిలబడింది. "తీసుకుపో దీనమ్మా. నీ ముంతలో వెయ్యడానికి నా దగ్గరేం లేదు."

"ఎయ్యమని ఎవరడిగేరత్తా?"

"ఇప్పుడెవరూ అడగరు. తర్వాత రేవులో అంటారు."

"అంటే అననీ. పిల్లోడి గొంతు చూడు, పిల్లికూనలాగ అరుత్తన్నాడు."

లోపలి నుంచి శాంతమ్మ, "అమ్మా, తీసుకోవే. నీ కాళ్లు పట్టుకుంటాను" అంది.  కానీ రూతమ్మ చెవిలో ఆ పాత మాట మోగుతోంది. ముంత ముట్టుకోకుండానే తలుపు దగ్గరకు వేసి గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి కూర్చుని తానూ ఏడ్చింది.

దీనమ్మ ఇంటికి పోయింది. ఆ ముసలమ్మ మీద కోపమొచ్చింది, పిల్లవాడి మీద జాలి ముంచుకొచ్చింది. ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. తెల్లవారింది. క్రిస్మస్. మందిరంలో మొదటి గంట కొట్టారు. ఆమె పిల్ల నిద్రలేచి, కొంగు లాగి పాలు తాగసాగింది. దీనమ్మ పిల్ల వంక చూసింది. మూలనున్న ముంత వంక చూసింది. మళ్లీ పిల్ల వంక చూసింది. చప్పున లేచి, ముంతలోని మేకపాలు కాచి పిల్ల ముందు పెట్టింది. "లాజరూ, దీనికి పాలు పట్టు. నేనిప్పుడే వత్తాను" అని మొగుడికి చెప్పి బయటికి నడిచింది.

రూతమ్మ తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనే, దీనమ్మని."

"మళ్లీ ముంత తెచ్చావా?"

"తేలేదత్తా. సందులోంచి చూడు, రెండు చేతులూ వట్టియే."

రూతమ్మ సందులోంచి చూసింది. నిజంగానే వట్టి చేతులు. గడియ తీసింది.

దీనమ్మ తిన్నగా లోపలికి వచ్చి, నేల మీద కూర్చుని, చీర మడతలో ఉన్న పసివాణ్ణి ఎత్తుకుని రొమ్ముకు ఆనించుకుంది. వాడికి చప్పరించే ఓపిక కూడా లేదు. తల పక్కకు వాలిపోయింది. శాంతమ్మ మోచేతి మీద లేచి చూస్తోంది.  దీనమ్మ నాలుగు చుక్కలు వాడి పెదవుల మీద పిండింది. పెదవులు కదిలాయి. మళ్లీ పిండింది. ఈసారి వాడు పట్టుకున్నాడు. గుటక వినపడింది. ఆ ఇంట్లో అంత చిన్న చప్పుడు కోసం ముగ్గురు ఆడవాళ్లు అంతగా ఎదురుచూసింది ఎన్నడూ లేదు.

రూతమ్మ అలవాటు చొప్పున చుట్టూ చూసింది, ఏం ఇవ్వాలా అని. ఇవ్వడానికి ఏమీ లేదు. పెట్టి ఇవ్వడానికి గిన్నె కూడా లేదు.

"దీనమ్మా, మరి నీ పిల్లకో?"

"దానికి మేకపాలు పెట్టొచ్చేను. అది కాత్త పెద్దదయ్యింది, సరిపెట్టుకుంటది. ఈడికి నేను కావాలి."

"నీకు నేనేం ఇవ్వను?" అని అడిగింది ముసలమ్మ. ఆ గొంతు ఎన్నడూ అంత చిన్నదిగా పలకలేదు.

"ఏమిత్తావత్తా? నన్ను నేనే తెచ్చుకున్నాను. తిప్పి పంపడానికి గిన్నేదీ?"

రూతమ్మ దీనమ్మ పాదాల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అది సిగ్గుతో ఏడ్చిన ఏడుపు కాదు. ఏళ్ల తరబడి నెత్తిన మోసిన బరువు దిగిపోయినప్పుడు వచ్చే ఏడుపు.

మందిరంలో రెండో గంట కొట్టారు. పిల్లవాడు కడుపు నిండి నిద్రపోయాడు. వాడి దగ్గర దీనమ్మను ఉంచి, రూతమ్మ ముఖం కడుక్కుని ఆరాధనకు వెళ్లింది.

మందిరం గుమ్మానికి వెదురు పుల్లలతో కట్టిన కాగితపు నక్షత్రం వేలాడుతోంది. జనం ఒక్కొక్కరే గంపలో బియ్యం పోసి కూర్చుంటున్నారు. రూతమ్మ వంతు వచ్చింది. చేతిలో గిన్నె లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. రెండూ ముందుకు చాపి నిలబడింది. 

అయ్యగారు మెల్లగా అడిగారు. "రూతమ్మా, కానుక తేలేదా?"

"లేదండయ్యగారూ. ఎప్పుడూ ఇచ్చిపోదామనే వచ్చేదాన్ని. ఈయేళ పుచ్చుకుందామని వచ్చేను."

అని జరిగిందంతా చెప్పింది. పాతబియ్యం సంగతి చెప్పింది, చాప సంగతి చెప్పింది, మూసిన తలుపు సంగతీ దాచలేదు. సుందరమ్మ గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మగారు తల దించుకున్నారు.

అయ్యగారు చెప్పాలనుకున్న ప్రసంగం పక్కన పెట్టేశారు. ఇలా అన్నారు.

"దేవుడు మనకు వాన పంపాడు, పంట పంపాడు, మంచి మాట చెప్పేవాళ్లను పంపాడు. మనం ప్రతిసారీ గిన్నె నింపి తిప్పి పంపుతూ, ఆయనకు సమానమైపోయాం అనుకున్నాం. గిన్నె నింపలేనివాళ్లు తలుపులు వేసుకున్నారు. అప్పుడాయన ఇక గిన్నె పంపలేదమ్మా. పశువుల పాకలో, వట్టి చేతులతో, తనే పసివాడై వచ్చాడు. ఆ పాల బాకీ ఎవరు తీర్చగలరు? తాగి బతకడమే మనం చెయ్యగలిగింది."

ఆరాధన ముగిసింది. అమ్మగారు గబగబా ఇంటికి వెళ్లి, చుట్టి పెట్టిన తుంగచాప చంకన పెట్టుకొచ్చి, తన చేతులతోనే పసివాడి కింద పరిచారు. సుందరమ్మ గారు పనిమనిషిని పంపకుండా తానే వచ్చారు. కంచు గిన్నె నిండా పాతబియ్యం, పైన వెల్లుల్లి కారం. రూతమ్మ బియ్యం వంచుకుంది. గిన్నెను కడిగింది. ఒక్క క్షణం ఆగింది. ఆగి, వట్టి గిన్నెను రెండు చేతులతో సుందరమ్మ గారికి అందించింది.

సుందరమ్మ గారు గిన్నెలోకి చూడలేదు. రూతమ్మ ముఖంలోకి చూశారు.

శాంతమ్మకు బలం వచ్చే దాకా దీనమ్మ రోజూ వస్తూనే ఉంది. పిల్లవాడు బతికాడు. వాడికి కృపాదానం అని పేరు పెట్టారు. ఆ ఏటి నుంచి ఆ లంకలో పండుగనాడు ఎవరూ తలుపులు వేసుకోలేదు. గిన్నెలు కొన్ని నిండుగా తిరిగొచ్చేవి, కొన్ని వట్టిగా తిరిగొచ్చేవి. రేవులో ఆ ఊసు ఎత్తినవాళ్లు లేరు.

కాబట్టి పిల్లలూ, తన్ను తానే ఇచ్చుకున్న దేవుడి కానుకకు బదులు వెతకకండి, వట్టి చేతులు చాపి అందుకోండి. అందుకున్న ప్రేమను అలాగే, లెక్క చూడకుండా పక్కవారికి పంచండి.