మూతమ్మ తల్లికి ఎంగిలి నైవేద్యం

అండమాను దీవుల్లో నల్లఒడ్డు అనే తెలుగు జాలరుల పల్లె ఉంది. జెట్టీ దిగి కొబ్బరితోటల వెంట అరగంట నడిస్తే మూతమ్మ పేరంటాలు గుడి వస్తుంది. లోపల విగ్రహం కోసం వెతికే భక్తులకు ముందే మనవి, విగ్రహం లేదు. పసుపు రాసిన పీట మీద మసిబారిన గుండ్రని కర్ర మూత ఒకటి ఉంటుంది. పక్కనున్న నైవేద్యపు కుండ మీద పెడితే అది నిలవదు, లోపలికి జారిపోతుంది. కొలత తెలియని వడ్రంగి చేశాడని నవ్వేవారున్నారు. నవ్వితే తల్లి ఏమీ అనుకోదు గానీ, కథ విన్నాక ఎవరూ నవ్వలేదు.

పూర్వం ఇక్కడ, యుద్ధం రోజుల్లో, జపాను సైన్యం దీవిని ఏలుతుండేది. పెనిమిటిని సముద్రానికి ఇచ్చుకున్న ఎర్నమ్మను దండు వంటశాలలో దుంపలు చెక్కే పనికి పట్టుకుపోయారు. అక్కడి వంటవాడు కిసాకు అనే నడివయసు మనిషి. ఒకనాడు అతడు తన తల్లి వండే కూర వండాడు. పల్చగా కోసిన మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, కాస్త పంచదార, నల్లని సోయా రసం, అంతే. కారం లేదు, పోపు లేదు. పైన ఈ చిన్న మూతను ముక్కల మీదే ఆనేలా కుండలోకి దించాడు. గరిట పెట్టనివ్వలేదు. మూత బరువుకు ముక్కలు కదలవు, చితికిపోవు, ఉన్న కాసిని నీళ్లే పైదాకా పొంగి ఇంకుతాయి. చల్లారేటప్పుడే రుచి లోపలికి దిగుతుందని సైగలతో చెప్పాడు. కారం లేని కూరా ఒక కూరేనా అని ఎర్నమ్మ మొదట మూతి విరిచింది. తిన్నాక కుండ అడుగు కూడా తుడుచుకు తింది.

ఓడలు రావడం మానేశాయి. దండును అవతలి ఒడ్డుకు తరలించారు. పోతూ పోతూ కిసాకు ఆ మూతను ఎర్నమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత అతడేమయ్యాడో తెలియదు.

పల్లెలో పిల్లల పొట్టలు వీపులకు అంటుకుపోయాయి. అమ్మవారి పండుగనాడు మగవాళ్లకు ఒక అడవిపంది దొరికింది. పాడుబడిన తోటలో ఎర్నమ్మ కర్రపెండలం తవ్వి తెచ్చింది. బంగాళాదుంపల బదులు ఆ దుంపలు వేసి, ఉప్పూ బెల్లం చల్లి, మూత దించి, కదపకుండా వండింది. అమ్మవారికి పెట్టేది గనుక ఉప్పు కూడా చూడలేదు. నైవేద్యం ఎంగిలి చేస్తే పాపమని మనందరికీ తెలిసిందే కదా. నివేదన కాగానే మొదటి ముద్ద అందరికన్నా చిన్నబిడ్డకు పెట్టడం ఆచారం. ఆ ఏడు పల్లెలో చిన్నబిడ్డ ఎర్నమ్మ కూతురే, మూడేళ్ల బంగారి.

కర్రపెండలంలో చేదు జాతి ఒకటుంది. దాన్ని నానబెట్టి, ఉడికించిన నీళ్లు పారబోస్తే గానీ విషం పోదు. ఆ సంగతి యుద్ధం ముగిశాక వచ్చిన మలయాళీలు చెప్పేదాకా ఈ ఒడ్డున ఎవరికీ తెలియదు. కిసాకు నేర్పిన కూరలో నీళ్లు పారబోయరు, రుచంతా వాటిలోనే. ఆకలి రుచి ఎరగదంటారు. బంగారి చేదని కూడా అనలేదు, ఇంకా పెట్టమంది. మిగతా పిల్లలు కూర చల్లారాలని ఆకుల ముందు కూర్చున్నారు. కూర చల్లారేలోగా బంగారి వాంతులు చేసుకుని తల్లి ఒళ్లో ప్రాణం విడిచింది. ఆకులన్నీ లాగేశారు. మిగిలిన పదిమంది అలా బతికారు.

ఆడవాళ్లు ఏడుస్తూ మూతను పొయ్యిలో వేయబోయారు. ఎర్నమ్మ లాక్కుంది.

"మూతేటి సేసిందర్రా? సవి సూడంది నేను."

తినడానికి ఆ దుంపలు తప్ప మరేమీ లేవు. ఆ రోజు నుంచి పల్లెలో ఎవరి కుండ దిగినా ముందు ఎర్నమ్మ తినేది. అన్నమంతా పట్టి చూడనక్కర లేదనే సామెత దుంపల దగ్గర చెల్లదు, ఒకటి తీపైతే మరొకటి చేదు. అందుకని ప్రతి దుంపలోనూ ఒక ముక్క తినేది. కుండలోంచి తీసిన మూతను ఒళ్లో పెట్టుకుని, అది చల్లబడేదాకా కూర్చునేది. తర్వాతే పిల్లలను పిలిచేది. వద్దని పెద్దలు అడ్డుపడితే, తన బిడ్డ వంతు మిగిలే ఉందని, అది తాను తింటే ఎవరికీ తగ్గదని జవాబు చెప్పేది. అలా రెండు నెలలు గడిచాయి. ఒకనాడు మూత ఇంకా వెచ్చగా ఉండగానే ఆమె చెయ్యెత్తి పిల్లలను ఆపింది. ఆ చెయ్యి మళ్లీ దించలేదు. ఆమె పోయిన తొమ్మిదో రోజున బియ్యం ఓడ వచ్చింది.

కులపెద్ద గురయ్యకు ఆమె కలలో కనిపించి ఒక్క మాట చెప్పిందట.

"నాకు ఎంగిలి సేసే పెట్టండి, మావా."

నేటికీ నల్లఒడ్డులో కర్రపెండలం, మాంసం కలిపి గరిట పెట్టకుండా వండుతారు. దుంపలు ముందురోజే నానబెట్టి, ఉడికించిన నీళ్లు పారబోస్తారు. అయినా వండిన ఇల్లాలు తల్లి ఎదుటే ముందు తాను తిని, మూతను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ సేపు గంట మోగించరు, పిల్లలను ఆడనివ్వరు. మూత చల్లబడ్డాకే తల్లికి నివేదన, ఆ తర్వాతే పంక్తి. ఈ ప్రసాదం తిన్న ఇంట పసిబిడ్డలకు తిండి వల్ల ఆపద రాదని నమ్మకం.

భక్తులకు చివరి మనవి. మీ పాపాయికి ముందు పెట్టమని ఇక్కడ ఎవరినీ అడగవద్దు. ఈ గుడిలో అందరికన్నా చిన్నబిడ్డకు అందరి తర్వాతే పెడతారు. బిడ్డ ఎంత ఏడ్చినా సరే, తల్లులు తొందరపడరు.