మోగని చావుడప్పు

యుద్ధకాలంలో ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడకుండా రాజు కట్టడి చేస్తే తప్పేముందని కేశవుడు అడిగాడు. తర్కంలో గట్టి శిష్యుడు; ఎదురు జవాబు ముందే సిద్ధం చేసుకుని మరీ అడిగాడు. గురువుగారికి వాదమంటే విసుగు. దీపానికి పత్తి ఒత్తులు చేస్తున్న చెయ్యి ఆపకుండానే ఈ సంగతి చెప్పారు.

బుడ్డవరం కోట మీదికి శత్రువులు వచ్చిన ఏడాది, ఊళ్ళో చావుడప్పు మోగకూడదని రాజు ఆజ్ఞ వేశాడు. డప్పు మోతలను బట్టి ఎంతమంది సైనికులు పోయారో వేగులవాళ్ళు శత్రువుకు చేరవేస్తున్నారట. ఫలానావాడు పోయాడని నోటితో అన్నా చెరసాలే. న్యాయంగానే ఉందని ఊరంతా తలూపింది. డప్పు కొట్టే మారెన్న కూడా తలూపి, డప్పును చూరుకు తగిలించాడు.

ఆ మారెన్నే సేన వెంట బండి తోలుకెళ్ళి, సుంకులమ్మ పెద్దకొడుకును ఏటిగట్టున తన చేతులతో పూడ్చి వచ్చాడు. కొన్నాళ్ళకు ఆమె చిన్నకొడుకునూ సేనలోకి తీసుకుపోవడానికి భటులు వచ్చారు. సుంకులమ్మ మారెన్న గుడిసెకు పరుగెత్తింది.

"నా పెద్దోడు బాగుండాడా, మారెన్నా? వాడు తోడుంటాడంటేనే చిన్నోణ్ణి పంపుతా. లేదంటే ఇప్పుడే దొడ్డిదారిన అడివిలోకి తోలేస్తా."

వీధి మొగలో భటులు నిలబడి ఉన్నారు. గుసగుసలాడాడని మొన్ననే సాలె వీరప్పను ఈడ్చుకుపోయారు. మారెన్న బిడ్డలంతా పసివాళ్ళు. పిరికివాడని మనం తేలిగ్గా అనేస్తాం గాని, ఆ గడపలో నిలబడి చూడాలి.

"బాగుండాడమ్మా," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. చిన్నవాడికి బొట్టు పెట్టి పంపింది. వాడూ తిరిగి రాలేదు.

యుద్ధం గెలిచారు. ఆజ్ఞ ఎత్తేశారు. మారెన్న డప్పును మంటకు కాచుకుని సుంకులమ్మ వాకిట్లోకి వచ్చాడు. ఇద్దరి పేర్లూ చెప్పాడు. పెద్దవాడు ఎప్పుడు పోయిందీ దాచలేదు. చెబుతూ భోరుమన్నాడు. ఆమె ఏడవలేదు. డప్పు మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది.

"ఇప్పుడెందుకు కొడతావు మారెన్నా? ఇంక ఎవరికి తెలియాలని?"

గురువుగారు చెప్పడం ఆపారు. కేశవుడు అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి స్వామీ, ఎంతమంది పోయారో శత్రువుకు తెలిసిందా?"

"లేదు నాయనా," అన్నారు గురువుగారు, ఇంకో ఒత్తి అందుకుంటూ. "ఆజ్ఞ బాగానే పనిచేసింది."