బంగారయ్య పుచ్చపాదు

సౌభాగ్య పైకి ఎన్నడూ అనని మాట ఒకటుంది. ఆస్ట్రేలియాలోని ఈ మర్రే నది మీద తెడ్డుపడవ వేసుకుని సముద్రం దాకా పోవాలని ఆమెకు పిచ్చి కోరిక. అలాగే బయల్దేరుతున్న ఫ్లోరా అక్క తోడు రమ్మని పిలిచింది కూడా. "అన్నీ కుదిరాక చెబుతా అక్కా" అని తప్పించుకుంది. పడవ రేపు పొద్దున్నే వెళ్ళిపోతుంది.

తనేమో డార్లింగ్ నది వచ్చి మర్రేలో కలిసే చోట, ద్రాక్షతోటల్లో పనిచేసే తెలుగువాళ్ళ వనభోజనాల్లో, ఇసుక మీద కూర్చుంది. పుచ్చకాయ కోస్తూ నాంచారమ్మ గారు కథ ఎత్తుకున్నారు. ఆ కథ ఇదీ:

ఎప్పటి మాటో నదినడగాలి, మనకు తెలియదు. అప్పుడు పడవలకు నీళ్ళను తోసే చక్రాలుండేవి. కట్టెలు తిని, పొగ కక్కి, డార్లింగ్ మీదా, మర్రే మీదా, మరంబిడ్జీ మీదా గొర్రెబొచ్చు మోసేవి. అలాంటి పడవలో వంటవాడు బంగారయ్య. గోదారి లంకల మనిషి. మొలలో చిన్న మూట. మూటలో పుచ్చగింజలు, అమ్మ కట్టిచ్చినవి.

ఓ ఏడు డార్లింగ్ ఎండింది. పడవ ఇసుకలో కూరుకుపోయింది. "నీళ్ళొస్తేనే కదలిక," అన్నాడు కెప్టెన్ దొర.

ఎండిన ఏరు కనబడితే లంకలవాడి చేతులూరుకుంటాయా? నడి ఏట్లో చెలమ తవ్వాడు. చుట్టూ గింజలు పెట్టాడు, ఒక్కటీ మిగల్చకుండా.

బాయిలర్‌కు కట్టెలు వేసే జిమ్మీ పగలబడి నవ్వాడు. "ఏటి మధ్యలో సేద్యమా బంగారీ! రేపు పొయ్యి మీద వరి నాటుతావా?"

"నాటితే ముందు నీకే వడ్డిస్తాలే. వరదొచ్చే ముందు మబ్బేస్తుందిరా. ఎర్రనీరొస్తుంది. మా గోదారి చెప్పకుండా రాదు."

"ఇది మీ గోదారి కాదుగా!"

"ఏరు ఏరేరా అబ్బీ!"

పాదు పాకింది. మబ్బుందా? లేదు. పూత పూసింది. మబ్బుందా? లేదు. కాయ పండింది. మబ్బుందా? లేదు.

కాయలు కోద్దామని కత్తి పట్టుకుని దిగాడు బంగారయ్య. చెలమ నిండి పొర్లుతోంది! తల ఎత్తాడు. ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. తల దించాడు. ఇసుక మీద నీరు పాములా పాకి వస్తోంది. ఎక్కడో ఎగువ దేశంలో ఎన్నడో కురిసిన వాన, నెలల తరబడి నడిచి నడిచి, ఇప్పుడు చేరింది!

ముందు పండిన కాయలు, అమ్మ గింజలు. వెనక ఒరిగిపోయిన పడవ. దాని అడుగు గదిలో, చల్లగా ఉందని జిమ్మీ నిద్ర. మిగతావాళ్ళంతా గట్టు మీద చెట్ల నీడన. నీరు ముందు చేరేది జిమ్మీ దగ్గరికే.

బంగారయ్య కత్తి పారేశాడు. పరిగెత్తాడు. "మబ్బు చూడకండి! నీరొచ్చేసింది!" పడవెక్కి మళ్ళీ అరిచాడు. "మబ్బు చూడకండి! నీరొచ్చేసింది!" జిమ్మీని జబ్బ పట్టి పైకి లాగి, గట్టుకేసి మూడోసారి అరిచాడు. "మబ్బు చూడకండి! నీరొచ్చేసింది!"

ఉరుకులు పరుగులు! జామాయిల్ కట్టెలు బాయిలర్‌లో పడ్డాయి. పొగ లేచింది. పడవ కదిలింది, నిటారుగా నిలిచింది, చక్రం గిర్రున తిరిగింది. అందరూ ఈలలు వేశారు. బంగారయ్య ఒక్కడూ వెనక్కి చూశాడు. పాదు లేదు. కాయలు లేవు.

"నా మూలాన నీ పంట పోయింది బంగారీ," అన్నాడు జిమ్మీ.

"పోనీరా. ఏరు ఏరేనన్నది నేనే కదా."

కొన్నాళ్ళకు పడవ మర్రేలోకి తిరిగింది. అక్కడ గట్టు వార, ఇసుకకు తట్టుకుని, పచ్చగా తేలుతున్నాయి కాయలు! పడవ కంటే ముందే వచ్చి కూర్చున్నాయి. జిమ్మీ బట్టలతోనే దూకాడు. కొన్ని పగిలి గింజలు ఇసుకలో పడ్డాయి. మరుసటేడు అక్కడ పాదు మొలిచింది. బంగారయ్య తల నెరిసేదాకా ఆ నదుల మీదే తిరిగాడు. అతను కన్నుమూశాక జిమ్మీ ఒక కాయ తెచ్చి, కోసి, తొలి ముక్క నీళ్ళలో వదిలాడు.

అందుకే, తెడ్డుపడవల కుర్రకారైనా, ఇల్లుపడవల్లో కాపురం పెట్టి గూడబాతుల్ని చూసేవాళ్ళైనా, పెద్ద చేపకు గాలమేసేవాళ్ళైనా, గట్టున గుడారమేసి మంట చుట్టూ పాడేవాళ్ళైనా, ఇక్కడికొచ్చిన మనవాళ్ళు తొలి ముక్క నదికిస్తారు. ఎవరైనా తటపటాయిస్తే, "మబ్బు చూస్తున్నావా?" అంటారు.

నాంచారమ్మ గారు ఎర్రటి ముక్క సౌభాగ్య చేతిలో పెట్టారు. "ఏమ్మాయ్, పొద్దుట్నుంచీ ఆ నీళ్ళకేసే గుడ్లప్పగించావు. మబ్బు చూస్తున్నావా?"

సౌభాగ్య నవ్వేసింది. లేచి, మోకాలి లోతు దిగి, ముక్కను నీళ్ళలో వదిలింది. అది గిర్రున తిరిగి, సముద్రం దిక్కుకు పోయింది. పైన ఒక్క మబ్బు లేదు.

తడి చేతిని చున్నీకి తుడుచుకుని ఫోన్ తీసింది. ఫ్లోరా అక్కకు చేసేస్తాను, వస్తున్నానని, ఇప్పుడే, ఈ నీళ్ళలో నిలబడే, అనుకుంది.