రాణివాసంలో ఖాళీ ఉయ్యాల

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట ఉండేదట. ఊఁ కొడుతున్నావా? కొట్టకపోతే కథ ఇక్కడే ఆగిపోతుంది మరి. ఆ కోటలో రాజులుండేవారు. వాళ్ళ కాలం పోయాక సర్కారువాళ్ళు గోడలకి సున్నం కొట్టించి, సామాన్లకి అద్దాలు బిగించి, మ్యూజియం చేశారు. టిక్కెట్టు కొంటే రాజుగారి పడకగదిలోకి నువ్వయినా వెళ్ళొచ్చు.

ఒకరోజు నూకాలు అనే పిల్ల వాళ్ళ పిన్నితో ఆ కోట చూడ్డానికి వెళ్ళింది. ఎన్ని మొక్కులు మొక్కితేనో ఆ పిన్ని కడుపు పండింది. నెలలు నిండుతున్నాయి. నూకాలేమో తోక లేని కోతి. దేన్నీ ముట్టుకోకుండా ఉండలేదు.

ముందు కత్తుల గదిలోకి వెళ్ళారు. నూకాలు చెయ్యి చాచింది. పిన్ని గుడ్లురిమింది. ఆ తర్వాత సింహాసనం దగ్గరికి వెళ్ళారు. అక్కడా చాచింది. పిన్ని చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత రాణివాసానికి వెళ్ళారు. అక్కడ గొలుసులకి వేలాడే పెద్ద ఉయ్యాల, అందులో జరీ బొంత. ఆయాసం వచ్చి పిన్ని బయట అరుగు మీద కూర్చుంది. ఇంకేం, నూకాలు అడ్డుతాడు కింద నుంచి దూరి ఉయ్యాలని ఊపేసింది.

ఊపాక చూసుకుంది. అందులో పాపా లేదు, బాబూ లేడు. అప్పుడు వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది. "ఖాళీ ఉయ్యాల ఊపకూడదే, పుట్టబోయే బిడ్డకి మంచిది కాదు." పాపం, గబగబా ఉయ్యాలని రెండు చేతులా పట్టుకుని ఆపేసింది.

బయటికొచ్చాక పిన్ని జీళ్ళు కొంటానంది. వద్దంది. ముంతకింద పప్పు కొంటానంది. వద్దంది. ఐసుఫ్రూటు కూడా వద్దంది.

"తిండిపోతువి, నీకేమయిందే?" అంది పిన్ని.

అప్పుడు నూకాలు బావురుమని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఇలాంటివి నమ్మనని అనేదే ఆవిడ. అయినా హడలిపోయింది నాన్నా. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఏ మాటైనా గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత పిన్ని నూకాలి చెయ్యి పట్టుకుని మళ్ళీ రాణివాసానికి వెళ్ళింది. అక్కడ కాపలా ఉండే ఆదెమ్మకి సంగతి చెప్పింది.

ఆదెమ్మ నవ్వింది. "ఖాళీదని ఎవరన్నారమ్మా?" అంటూ బొంత తొలగించింది.

బొంత కింద పొత్రం ఉంది. అదే, సన్నికల్లు మీద పచ్చడి నూరుకునే రాయి. ఒళ్ళంతా పసుపు రాసుకుని, కాటుక చుక్క పెట్టుకుని హాయిగా పడుకుంది.

"మ్యూజియంలో ఉన్నా ఉయ్యాల ఉయ్యాలే కదా. వద్దన్నా పిల్లలు ఊపుతారు. బారసాలనాడు బిడ్డ కంటే ముందు పొత్రాన్నే కదమ్మా పడుకోబెడతాం? మేమూ అదే చేశాం. నీ బిడ్డకేం కాదు, చల్లగా ఉంటుంది," అంది ఆదెమ్మ.

అమ్మయ్య అంటూ పిన్ని ఆ గచ్చు మీదే చతికిలబడింది. ముందు నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత "నాకు ఆకలేస్తోందే" అంది. నూకాలికి ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఇద్దరూ బయటికొచ్చి జీళ్ళూ తిన్నారు, ముంతకింద పప్పూ తిన్నారు.

కొన్నాళ్ళకి పిన్నికి ఆడపిల్ల పుట్టింది. బారసాలనాడు పిన్ని నూకాలిని పిలిచి, "ఇప్పుడు ఊపవే, నీ ఇష్టమొచ్చినంతసేపు ఊపు" అంది. నూకాలు ముందు బొంత తీసి, పాప ఉందో లేదో చూసుకుని మరీ ఊపింది.

కథేమో కంచికెళ్ళింది,
కునుకేమో ఇంటికొచ్చింది,
పొత్రం పాప బజ్జుంది,
మా పాప కూడా బజ్జుంది.