గవరమ్మ అడిగిన వాటా

అనగనగా, కొండలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్న చోట ఒక అడవి ఉండేది. దాని మధ్యలోంచి ఒక వాగు పారేది. వాగుకి ఇవతలి గట్టున, పెద్ద రాతి చరియ కింద, గవరమ్మ అనే ముళ్ళపంది ఉండేది.

గవరమ్మని కొత్తగా చూసినవాళ్ళకి కాస్త జంకుగా ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు కదా మరి. కానీ ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు గుర్తొచ్చేది ఆవిడే. జబ్బుపడినవాళ్ళ దగ్గర కూర్చునేటప్పుడు తన ముళ్ళన్నీ వీపుకి గట్టిగా అణిచిపెట్టుకునేది. ఒక్క ముల్లు కూడా ఎవరికీ గుచ్చుకునేది కాదు. అలా కూర్చోవడం ఎంత కష్టమో ఇంకో ముళ్ళపందిని అడిగితే తెలుస్తుంది.

ఒక ఏడు వేసవిలో ఆ అడవికి కార్చిచ్చు అంటుకుంది. మంట చల్లారేసరికి కాళ్ళు కాలినవాళ్ళు, పరిగెత్తలేక దెబ్బలు తగిలించుకున్న ముసలివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ పడి ఉన్నారు. గవరమ్మ తనకి కనపడినవాళ్ళందరినీ చరియ కిందికి చేర్చుకుంది. దాలయ్య అనే ముసలి మనుబోతు జింకని చేర్చుకుంది. ఆయనకి వెనక కాళ్ళు పట్టు తప్పాయి. రెక్క కాలిన కౌజు పిట్టని, పొగ తాగి దగ్గుతున్న కుందేళ్ళని చేర్చుకుంది. తెల్లారగానే దుంపలు తవ్వి తెచ్చేది. కాలిన చోట తేనె రాసేది. ఆకు పసరు పిండి కట్టు కట్టేది. కొన్నాళ్ళకి చుట్టుపక్కల దుంపలు అయిపోయాయి. తేనె కోసం చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ ఒక్కతే ఎంతకని చేస్తుంది?

ఈ సంగతి అడవి సభకి పెద్దయిన ఏనుగు పెద్దమ్మ చెవిన పడింది. ఇది ఒక్కరు మోయాల్సిన బరువు కాదని, అడవి అంతా కలిసి మోయాలని ఆవిడ సభలో చెప్పింది. అందరూ తలా కొంచెం తిండి తెచ్చి ఒకచోట పోగు చేయాలన్నారు. ముసలివాళ్ళనీ దెబ్బలు తగిలినవాళ్ళనీ చూసుకునే బాధ్యత ఎవరైతే తీసుకుంటారో వాళ్ళకి ఆ పోగులోంచి రోజూ వాటా ఇవ్వాలన్నారు. వాగుకి రెండు గట్లా ఉన్నవాళ్ళని చూసుకోవాలి. ఆ పని కావాలనుకున్నవాళ్ళు సభకి వచ్చి, ఏం చేస్తారో, ఎంత వాటా కావాలో చెప్పాలి. కాకి అడవి అంతా తిరిగి ఈ మాట చాటింది.

గవరమ్మకి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. దాలయ్య ఒకప్పుడు సభలో కూర్చున్నవాడు. ఆయన్ని సలహా అడిగింది.

"ఎవరు ఎంత తింటున్నారో నీకు తెలుసు కదమ్మా," అన్నాడు దాలయ్య. "అది చెప్పు. నీ వల్ల అయ్యేది చెప్పు, కానిది కూడా చెప్పు. నువ్వు మంచిదానివని వాళ్ళకి తెలుసు. పని ఎలా చేస్తావో మాత్రం నువ్వు చెబితే తప్ప తెలియదు."

గవరమ్మ కూర్చుని ఆలోచించింది. రెండు గట్ల వాళ్ళకీ కలిపి రోజుకి రెండు మోపులు కావాలి. మోపంటే ఒక ఏనుగు తొండంతో ఎత్తి మోసేంత. అంతకి తగ్గితే ఎవరో ఒకరికి అరకడుపే. ఇంకో చిక్కు కూడా ఉంది. వాన పడితే వాగు పొంగుతుంది. అప్పుడు ఆవిడ అవతలి గట్టుకి వెళ్ళలేదు. ఇవన్నీ సభలో చెప్పాలనే అనుకుని బయల్దేరింది.

సభలో ముందుగా లేచింది సింగన్న. వాగుకి అవతల చెట్ల మీద ఉండే కొండముచ్చుల గుంపుకి అతను నాయకుడు. రోజుకి రెండు మోపులు కావాలని సింగన్న అడిగాడు. తన వాళ్ళు కొమ్మలు పట్టుకుని వాగు దాటగలరన్నాడు. పుళ్ళకి మందు వేయడం మాత్రం వాళ్ళకి రాదని, అది ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలని దాచకుండా చెప్పాడు.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. అసలే సగం అడవి కాలిపోయింది, రెండు మోపులు ఎక్కడి నుంచి తెస్తామని అడవిపందులు గొణిగాయి. జింకలు కూడా తలలూపాయి.

గవరమ్మకి భయం పట్టుకుంది. నేనూ రెండు మోపులే అడిగితే నా ముఖం చూసి ఎందుకిస్తారు? సింగన్నకి పెద్ద గుంపు ఉంది. పని అతనికే ఇచ్చేస్తారు. నా దాలయ్య తాతని అవతలి గట్టుకి మోసుకుపోతారు. కౌజు పిట్టకి రాత్రి పక్కన ఎవరో ఒకరు లేకపోతే నిద్ర పట్టదు. ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? ఇలా అనుకుంటూ ఉండగానే ఏనుగు పెద్దమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"ఒక్క మోపు చాలు పెద్దమ్మా," అంది గవరమ్మ.

"రెండు గట్లకీనా?"

"రెండు గట్లకీ."

"మరి వాగు పొంగితే అవతలికి ఎలా వెళ్తావు?"

"ఎలాగో వెళ్తాను," అంది గవరమ్మ.

ఆ "ఎలాగో" అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. ఒక్క మోపంటే అందరికీ హాయిగా ఉంది. పని గవరమ్మకే ఇచ్చారు. సింగన్న తన చెట్ల వైపు వెళ్ళిపోయాడు. గవరమ్మ గెలిచింది. ఇంటికి వెళ్ళాక దాలయ్య ఎంత అడిగావని అడిగితే మాత్రం ఆయన ముఖం చూడకుండా జవాబు చెప్పింది. ఆయన సరేలేమ్మా అన్నాడు.

మొదట్లో బాగానే గడిచింది. ఏనుగులు తెచ్చిన మోపుకి తను తవ్విన దుంపలు కలిపి గవరమ్మ అందరికీ పంచేది. పొద్దున ఇవతల, మధ్యాహ్నం అవతల, సాయంత్రం మళ్ళీ ఇవతల. ఎండలో వాగు దాటి దాటి కాళ్ళు పగిలాయి. తన తిండి తగ్గించుకుంది. నిద్ర తగ్గించుకుంది. ఒకసారి కట్టు కడుతూ కడుతూ కునుకు పట్టి, అణిచిపెట్టిన ముళ్ళు లేచి ఒక కుందేలుకి గుచ్చుకున్నాయి కూడా. కుందేలు పర్వాలేదంది. గవరమ్మకి మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు.

అంతలో వానలు మొదలయ్యాయి.

వాగు ఎర్రగా, అడ్డొచ్చిన చెట్లని ఈడ్చుకుపోతూ పొంగింది. అవతలి గట్టున పొదలో చూలుతో ఉన్న ఒక కణితి జింక ఉంది. దాని డెక్కలు కాలాయి, లేవలేదు. గవరమ్మ నోట దుంపలు కరుచుకుని నీళ్ళలో దిగింది. రెండడుగులు వేసేసరికి ప్రవాహం ఆవిడని తోసేసింది. ఒక వేరు దొరికింది కాబట్టి బతికి బయటపడింది. దుంపలు కొట్టుకుపోయాయి. తడిసిన ముళ్ళతో గట్టు మీద కూర్చుని అవతలి పొద వైపు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున దాలయ్య ఒళ్ళు తుడుస్తుంటే ఆయన పక్కటెముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. గవరమ్మ ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ ఆయన వాటా ఆయన ముందు పెడుతూనే ఉంది కదా. ఏం జరుగుతోందని అడిగితే ఆయన ఆకలి లేదని తప్పించుకోబోయాడు. నిజం చెప్పింది కౌజు పిట్ట. తాత రోజూ తన తిండి మూతితో కుందేళ్ళ వైపు నెట్టేస్తున్నాడని, ఎవరికీ చెప్పొద్దన్నాడని చెప్పింది.

"ఎందుకిలా చేశావు తాతా?"

"అందరికీ చాలడం లేదు కదమ్మా," అన్నాడు దాలయ్య మెల్లగా. "నువ్వు కూడా తినడం లేదు. నాకు కాళ్ళు లేవు గానీ కళ్ళున్నాయి."

గవరమ్మకి సభలో తనన్న మాట గుర్తొచ్చింది. వీళ్ళని ఎవరైనా తీసుకుపోతారేమోనని భయపడి ఒక్క మోపు చాలంది. ఇప్పుడు ఆ ఒక్క మోపే వాళ్ళని తన కళ్ళ ముందే తీసుకుపోయేలా ఉంది. ఆవిడ లేచి సభ వైపు నడిచింది. నిజం చెబితే పని పోతుంది. దాలయ్యని పంపించేయాలి. అబద్ధం చెప్పిందని నలుగురూ అంటారు. ఇవన్నీ తెలిసే నడిచింది. దారి వాగు గట్టు వెంటే పోతుంది. అక్కడ అవతలి కొమ్మ మీంచి సింగన్న కేక వేశాడు.

"గవరమ్మక్కా, కణితి గురించి దిగులు పడకు. వాగు పొంగిన దగ్గర్నుంచి మా వాళ్ళు ఆకులు, కాయలు తెచ్చి పెడుతున్నారు. డెక్కలే పుండు పట్టాయి. వాటికి ఏం చేయాలో మాకు తెలియడం లేదు."

గవరమ్మ నిలబడిపోయింది. అతని చేతిలోంచి పని లాక్కున్నది తను. వాటాలో గింజ కూడా లేకుండా ఆ పని చేస్తున్నది అతను. ఏ ఆకు పసరు పిండాలో, ఎలా కట్టాలో గట్టు మీద నుంచే అరిచి చెప్పింది. అతను విని, మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, కొమ్మలు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కాసేపట్లోనే గవరమ్మకి ఒక సంగతి తట్టింది. ఈ పని మొదటి నుంచీ ఇద్దరు కలిసి చేయాల్సిన పని.

ఏనుగు పెద్దమ్మ వెదురు పొదల దగ్గర ఉంది. గవరమ్మ ఆవిడ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒక్క మోపు చాలదని ఆ రోజే తనకి తెలుసని, పని పోతుందన్న భయంతో అలా అన్నానని, వాగు దాటలేకపోయానని, దాలయ్య పస్తులుంటున్నాడని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ ముళ్ళు గలగలలాడాయి. చెప్పడం అయ్యాక ఆగిపోయాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి గుండె మీద కూర్చున్న రాయి దిగినట్టు, ఆవిడకి మొదటిసారి నిండుగా ఊపిరి అందింది. ఇక ఏం జరిగినా సరే అనుకుంది.

ఏనుగు పెద్దమ్మ అంతా వింది. తొండంతో ఒక వెదురు కొమ్మని అటూ ఇటూ తిప్పింది.

"తప్పు చేశావు గవరా," అంది చివరికి. "కానీ మేమూ చేశాం. ఎవరు తక్కువ అడిగారో చూశాం. అంతలోనే ఎలా చేస్తావని గట్టిగా అడగలేదు. ఎలాగో వెళ్తానని నువ్వన్నావు, మేం ఊరుకున్నాం. ముందు వాళ్ళ కడుపులు నిండనీ. తర్వాత మళ్ళీ సభ పెడదాం."

అప్పటికప్పుడు రెండు ఏనుగులు మోపులెత్తుకుని బయల్దేరాయి. ఒకటి చరియ వైపు వెళ్ళింది. పొంగిన నీళ్ళు కూడా ఏనుగుని తోసేయలేవు కాబట్టి ఇంకొకటి వాగులో దిగి అవతలికి వెళ్ళింది.

గవరమ్మ వెళ్ళబోతూ ఆగింది. "పెద్దమ్మా, సభకి ఇద్దరు కలిసి రావచ్చా? నేనూ సింగన్నా?"

"రావచ్చు. ముందు అడగడం మంచిదైంది," అంది ఏనుగు పెద్దమ్మ. వెంటనే కాకిని పిలిచి, ఇద్దరైనా ముగ్గురైనా కలిసి రావచ్చని అడవి అంతా చాటమంది. గవరమ్మ ఒక్కదానికే ఈ సంగతి తెలిసి మిగతావాళ్ళకి తెలియకపోతే అది న్యాయం కాదంది.

వాన తెరిపిచ్చిన రోజు సభ మళ్ళీ కూడింది. ఈసారి ఒక నక్క కూడా వచ్చి, అరమోపుతో రెండు గట్లూ చూసుకుంటానంది. వానాకాలంలో ఎలా చూస్తావని ఏనుగు పెద్దమ్మ అడిగింది. ఎలాగో చూస్తానంది నక్క. సభలో కొందరు దగ్గారు, కొందరు నేల చూపులు చూశారు. గవరమ్మ కూడా నేలకేసే చూసింది.

తర్వాత గవరమ్మా సింగన్నా కలిసి లేచారు. రెండు మోపులు కావాలన్నారు. దేనికెంతో విడమరిచి చెప్పారు. ఇవతలి గట్టు గవరమ్మది, అవతలి గట్టు సింగన్న గుంపుది. మందులు గవరమ్మ నేర్పుతుంది. కొండ తేనె సింగన్న వాళ్ళు దింపుతారు. ఇద్దరిలో ఎవరికి జబ్బు చేసినా రెండో వాళ్ళు కొన్నాళ్ళు రెండు గట్లూ చూస్తారు. పాము కరిచినవాళ్ళకి వైద్యం మాత్రం తమకి రాదని, వాళ్ళని తమ దగ్గరికి తెచ్చి ఆలస్యం చేయొద్దని గవరమ్మ చెప్పింది.

రెండు మోపులు కష్టం కదా అని ఒక అడవిపంది మళ్ళీ గొణిగింది. అప్పుడు గవరమ్మ తలెత్తి చెప్పింది.

"కష్టమే అన్నా. ఒక్క మోపుతో ఏమవుతుందో నేను చేసి చూశాను. నా దగ్గరున్న వాళ్ళ ఎముకలు నా చేతికి తగిలాయి. రెండు ఇవ్వలేకపోతే ఆ మాట చెప్పండి, ఎంతమందిని చూడగలమో అంతమందినే తీసుకుంటాం. మిగతావాళ్ళ సంగతి సభ ఆలోచించాలి. అందరినీ చూస్తామని మాత్రం ఇంకోసారి అబద్ధం చెప్పలేను."

అడవిపంది చెవులు వాల్చింది. తన మంద రోజూ ఇంకొంచెం దుంపలు ఎక్కువ తవ్వి పోగులో వేస్తుందని అంది. జింకలు నేరేడు పళ్ళు తెస్తామన్నాయి. పని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. బయటికి వచ్చాక గవరమ్మ సింగన్నని క్షమించమని అడిగింది. అతను నవ్వి, కణితికి నిన్ననే పిల్ల పుట్టిందని, డెక్కలు కూడా మానుతున్నాయని చెప్పాడు. గవరమ్మకి ఆ మాటతో కళ్ళు తడిశాయి.

ఆ సాయంత్రం చరియ కింద అందరి ముందూ తిండి పెట్టారు. కుందేళ్ళు దగ్గడం మర్చిపోయి నములుతున్నాయి. దాలయ్య తన ముందున్నదంతా తిన్నాడు. నేల మీద రాలిన నేరేడు పళ్ళు కూడా నాలికతో ఏరుకున్నాడు. అటూ ఇటూ చూసి, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"ఇంకొంచెం ఉందామ్మా?"

"ఉంది తాతా," అంది గవరమ్మ. "కావలసినంత ఉంది."

ఆయనకి పెట్టి, తనూ ఇంత పెట్టుకుని, పక్కనే కూర్చుని కడుపునిండా తింది.

నీతి: పదిమందిని చూసుకునే పని అడిగేటప్పుడు, దానికి ఏం కావాలో, మన వల్ల ఎంతవుతుందో నిజమే చెప్పాలి. పని దక్కించుకోవడానికి తగ్గించి చెప్పిన ప్రతి మాటా, మనల్ని నమ్ముకున్నవాళ్ళ కంచంలోంచే తగ్గుతుంది.