చెవులు వేడెక్కిన బొల్లన్న

ఏటి అవతలి అడవిలో ఒక గేదెల మంద ఉండేది. తోడేళ్ళ వాసన తగిలితే చాలు, దూడల్ని నడిమికి తోసి, పెద్దవన్నీ కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడేవి. ఎవరూ కదలకూడదు. ఆ మందకి అదొక్కటే కట్టుబాటు.

మందలో అందరికంటే బలమైన దున్న బొల్లన్న. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. నీళ్ళ దగ్గర ఎవరి తోక తగిలినా కుమ్మేసేవాడు. ఆ తర్వాత కుమ్మిన చోటే నాకుతూ ఏడ్చేవాడు. "వాడికి కోపమే గానీ మనసు వెన్న," అని మంద సర్దుకుపోయేది. సర్దుకుపోక ఏం చేస్తుంది, ఆ కొమ్ములకి ఎదురు చెప్పేదెవరు?

ముసలి గేదె నీలవ్వ ఒక్కతే చెప్పింది. "ఒరే, కోపం రాబోయే ముందు నీ చెవులు వేడెక్కుతాయి. అప్పుడు మూతి నేలకి ఆనించి, అవి చల్లబడే దాకా ఊపిరి పీల్చుకో. ఎవరేమన్నా పలక్కు."

"నేనేమైనా పిరికివాణ్ణా అవ్వా?" అన్నాడు బొల్లన్న.

తోడేళ్ళ ఎంగిలి తిని బతికే నక్క ఒకటి పొదలోంచి ఆ మాటలన్నీ వింది.

ఒక సాయంత్రం తోడేళ్ళు వచ్చాయి. మంద గుండ్రంగా నిలబడింది. నడుమ బొల్లన్న కూతురు చుక్కి, ఇంకా పాలు తాగే దూడ, వణికిపోతోంది. తోడేళ్ళు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాయి. అప్పుడు నక్క వచ్చి బొల్లన్న ఎదురుగా కూర్చుంది.

"ఏం బొల్లన్నా, ఆడవాళ్ళ మధ్య దాక్కున్నావా?"

బొల్లన్న గిట్టతో నేల గీరాడు.

"మీ నాన్న ఇలా ఉండేవాడు కాదులే. పాపం, ఆ పౌరుషం ఆయనతోనే పోయింది."

బొల్లన్న చెవులు భగ్గుమన్నాయి. ఆ సంగతి వాడికి తెలిసింది కూడా.

"మూతి దించరా!" పక్కనుంచి నీలవ్వ అరిచింది.

"దించు నాయనా, దించు. పిరికివాళ్ళు అవ్వ మాట వినాలి," అని నక్క పకపకా నవ్వింది.

అంతే. బొల్లన్న రంకె వేసి దూకాడు. నక్క తుమ్మపొదల్లోకి పరుగు తీసింది, వాడు దాని వెంటబడ్డాడు. పొదలన్నీ చిందరవందర చేసినా నక్క దొరకలేదు. ఎంతసేపటికో చెవులు చల్లబడ్డాయి. వెనక ఏదో అరుపు వినబడినట్టు అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగొచ్చేసరికి మంద చెదిరిపోయి ఉంది. తను నిలబడ్డ చోటి నుంచే లోపలికి తోడేళ్ళ అడుగులు పడి ఉన్నాయి. నడుమ తొక్కిన గడ్డి, నెత్తురు. చుక్కి లేదు. నీలవ్వ ఒక్కతే అక్కడ నిలబడి ఉంది.

"నాకు ఒళ్ళు తెలీలేదవ్వా! ఆ నక్క నన్ను రెచ్చగొట్టింది!"

"రెచ్చగొట్టడం దాని పనిరా. నిలబడటం నీ పని."

బొల్లన్న బావురుమన్నాడు. నాకి ఓదార్చడానికి ఈసారి గాయపడ్డవాళ్ళు కూడా మిగల్లేదు. "నా మనసు నీకు తెలుసు కదవ్వా..."

"తెలుసు, వెన్నే," అంది నీలవ్వ. "ఆ వెన్న చూపించి నీ బిడ్డని పిలువు. వస్తుందేమో చూద్దాం."

కోపం దిగాక ఎంత ఏడ్చినా పోయినవాళ్ళు రారు, ఆగాల్సింది చెవులు వేడెక్కినప్పుడే.