దర్జా వంతెన, ఎర్రమట్టి తొక్కలు

ఎలుగుబంటి అప్పలస్వామి పెద్దరికం చేసే అడవిలో అందరికీ వేరుశనగ పిచ్చి. కాయలు మాత్రం లోయ అవతలి అడవి నుంచి రావాల్సిందే. తెచ్చి అమ్మేది నక్క గవరయ్య. ఇక్కడ పండక కాదు. ముళ్లపంది సీతాలు మెట్ట మీద బ్రహ్మాండంగా పండించేది. కానీ మెట్టకూ సంతకూ మధ్య బురద వాగు. అది దాటి వచ్చేసరికి ఆమె బస్తాల్లోంచి మొలకలు తొంగిచూసేవి.

"ఈ యేడూ అమ్ముడవ్వకపోతే మెట్ట ఒగ్గేసి పోతాను పెద్దయ్యా!" అని సీతాలు భోరుమంది. పాపం, ముళ్లకు భయపడి ఎవరూ వీపు నిమరలేదు.

"మన కాయే మనం తినాలంటే ఏటి సెయ్యాల?" అన్నాడు ఎలుగు.

"వంతెన కట్టాల!" అన్నాడు నక్క టక్కున.

"వాగు మీదేనా బాబూ?" సీతాలు ఆశగా అడిగింది.

"వాగు మీద ఏటుంటాదే? లోయ మీద కడితే దర్జా. దర్జా వస్తే పంట దానంతటదే వస్తాది."

దర్జా అనగానే ఎలుగు ఒప్పేసుకున్నాడు. ఇక తన సరుకు రెట్టింపు వస్తుందని గవరయ్య లోలోపల గంతులేశాడు.

వంతెనకు రాళ్లు కావాలి. అవి ఉన్నది సీతాలు మెట్ట మీదే. మోసుకొస్తున్న గాడిద గంగులు వాగులో పొట్టదాకా దిగబడి, "నన్ను పీకండర్రా!" అని ఓండ్రపెట్టాడు. పని ఆగేసరికి నక్కకు ఒళ్లు మండింది.

"వాగులో ఓ వరస రాళ్లు పరిచేసి నడవండి, ఆలీసం సెయ్యకండి!"

పరిచారు. వంతెన లేచింది. డోలూ సన్నాయీ మోగాయి. కొన్నాళ్లకు ఎలుగు గంగులును పిలిచి, "ఇంత కట్టాం కదా, బయటి కాయ తగ్గిందో లేదో తేల్చి సెప్పు" అన్నాడు.

"ముందు వంతెన పొడుగు కొలుద్దువు గాని, రా!" అని నక్క లాగాడు. గంగులుకు ఆకలి. తిన్నగా సంతకు పోయి, నేల మీది తొక్కలు నమలసాగాడు.

"ఎర్రమట్టి రుచి పెద్దయ్యా, సీతాలు మెట్టది. ఇదీ అదే. అవతలోళ్లది నల్లమట్టి. ఒక్కటీ తగల్లేదు," అన్నాడు వెనకే వచ్చిన ఎలుగుతో.

"మరి గవరయ్య కాయలేవి?"

అవి వంతెన మీదే ఉన్నాయి. కొనేవాళ్లు లేక బస్తాల్లోనే మొలకెత్తాయి. సీతాలు రోజూ వాగులోని రాళ్ల మీదుగా, కాలు తడవకుండా తాజా కాయలు సంతకు తెచ్చేస్తోంది మరి.

"అదంతా ఆ రాళ్ల..." అని నక్క ఆగిపోయాడు. రాళ్ల వల్లనంటే వంతెన దండగని తేలుతుంది. వంతెన వల్లనంటే తన వ్యాపారం మునిగినందుకు తనే నవ్వాలి.

నవ్వాడు.

ఎలుగు మురిసిపోయి అతని మెడలో దండ వేశాడు. "బయటి కాయ రాకుండా సేసిన మొనగాడివిరా! బెల్లం కూడా నువ్వే తెస్తున్నావు కదా, దానికీ ఇలాంటిదొకటి కట్టు!"

సీతాలు సంతోషం పట్టలేక గవరయ్యను గట్టిగా కౌగిలించుకుంది. ముళ్లు దిగి గవరయ్య పెట్టిన కేక లోయ అవతలికీ వినిపించింది.

అందుకే, వంతెన పనిచేసిందో లేదో తెలియాలంటే సంతలో తొక్కలు నమలాలి.